పెదవుల మీద నేర్చిన పాట

టైలరమ్మకు పాటలంటే నాలుగే. మిగతావన్నీ గోల.

ఆ మాట ఆమె ఎవరి ముందైనా అనేసేది. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చే దుకాణంలో వెనకగదిలో ఆమే, ఇస్త్రీ చేసే అతనూ పనిచేసేవాళ్ళు. కిటికీ పక్కన ఆమె కుట్టుమిషను, గోడవారగా అతని పొడుగాటి బల్ల, మధ్యలో ఇనుపకడ్డీకి వేలాడే కోట్లు. ముందుగదిలో యజమానురాలు బట్టలు అందుకుని చీటీలు రాస్తుంది. పొడుగు తగ్గించవలసినవి, నడుము వదులు చేయవలసినవి, జిప్పు ఊడినవి టైలరమ్మ బుట్టలోకి వస్తాయి. ఆ దుకాణంలో చేరిన పదకొండేళ్ళలో ఆమె పనికి వంక పెట్టినవాళ్ళు లేరు.

ఇస్త్రీ అతను నలభై దాటినవాడు, మాట తక్కువ. బల్ల చివర చిన్న స్పీకరు పెట్టుకుని పొద్దున్నే ఏదో ఒకటి మొదలుపెట్టేవాడు. అరనిమిషం గడవకముందే టైలరమ్మ మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపేది.

"తమ్ముడూ, అది పాటా, పళ్ళెం కింద పడిందా?"

"పాటే అక్కా."

"మాటలేవీ మరి? ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నోట్లో దూది కుక్కుకుని పాడుతున్నట్టుంది. తీసెయ్, మనది పెట్టు."

మనది అంటే ఆ నాలుగింట్లో ఒకటి. నలభై ఏళ్ళ నాటివి. అవి మొదలైతే టైలరమ్మ మొహం విప్పారేది. పాడే ఆవిడకంటే అరక్షణం ముందే ఈవిడ నోట్లో తర్వాతి మాట సిద్ధంగా ఉండేది. "చూశావా, అక్షరం అక్షరం ఎలా వినబడుతోందో! అదీ పాడటమంటే" అనేది. పాటంటే చెవి కోసుకునే మనిషని వీధిలో ఆమెకు పేరు.

ఒక చలికాలం మధ్యాహ్నం ఒకాయన కొత్త ప్యాంటు తెచ్చి బల్ల మీద పడేశాడు. వేసుకుని చూపించే తీరిక లేదట. తలుపు వైపు తిరిగి గొడుగు ముడుచుకుంటూ, "రెండంగుళాలు తగ్గించండమ్మా" అన్నాడు. టైలరమ్మ మూడంగుళాలకు సున్నపు గీత గీసి, కత్తిరించి, అంచు మడిచి కుట్టేసింది. మర్నాడు ఆయన వేసుకుని అద్దం ముందు నిలబడితే మేజోళ్ళు రెండూ పూర్తిగా దర్శనమిచ్చాయి.

"రెండు కదమ్మా చెప్పింది!"

"మూడన్నారు. నా చెవులతో విన్నాను."

కత్తిరించిన గుడ్డ ఎవరు ఏమన్నా అతుక్కోదు. ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఇక మీదట కొలతలు చీటీ మీద రాయించుకుంటే తప్ప కత్తెర పట్టవద్దని యజమానురాలు మెత్తగానే చెప్పింది. మెత్తగా చెప్పడమే టైలరమ్మకు ఎక్కువ గుచ్చుకుంది.

సాయంత్రం ఇస్త్రీ అతను బల్ల వదిలి ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, ఒక మాట చెప్తాను, కోప్పడకు. నా ఇస్త్రీపెట్టె ఆవిరిగొట్టం లీకై వారం నుంచి ఈల వేస్తోంది. ముందుగదిలోంచి అమ్మగారు కూడా వచ్చి ఏంటని అడిగారు. నువ్వు దాని పక్కనే కూర్చుని కుట్టుకుంటున్నావు."

"ఈలా? ఏ ఈల?"

అతను గొట్టం వైపు చూపించాడు. బిగింపు దగ్గర తెల్లటి ఆవిరి సన్నగా చిమ్ముతోంది. టైలరమ్మ లేచి వెళ్ళి, వంగి, చెవి దగ్గరగా పెట్టింది. ఆవిరి వెచ్చగా చెంపకు తగిలింది. చప్పుడు మాత్రం లేదు.

రెండు రోజులు ఆమె అతనితో మాట్లాడలేదు. మూడోనాడు ఇంట్లో టీ తాగుతున్న మొగుణ్ణి అడిగింది. ఆయన బస్సు నడిపి రిటైరైన మనిషి, దేనికీ కంగారుపడడు.

"ఏమండీ, నాకు చెవుడా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఈ మాట ఎప్పుడడుగుతావా అని ఎనిమిదేళ్ళ నుంచి చూస్తున్నాను."

"మరి నాకు చెప్పాలి కదా!"

"చెప్పాను. ఒకటికి పదిసార్లు చెప్పాను. నీకు వినబడలేదు."

అలా ఆమె పరీక్షకు వెళ్ళింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, బీప్‌మన్నప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. పరీక్ష చేసిన పిల్లకు ఇరవై ఏడేళ్ళుంటాయి. టైలరమ్మ ఆమెను ఇంట్లో చెవుల అమ్మాయి అనేది. ఆ అమ్మాయి ఒక కాగితం చూపించింది. అందులో గీత ఎడమవైపు తిన్నగానే ఉంది, కుడివైపుకు వచ్చేసరికి మెట్లు దిగినట్టు దిగిపోయింది.

"లావు శబ్దాలు మీకు అందుతున్నాయమ్మా. సన్నవి అందడం లేదు. స, చ, త లాంటివన్నీ పోతున్నాయి. అందుకే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు."

"మరి నా పాటలు అక్షరం పొల్లుపోకుండా వినబడతాయే!"

"ఎన్నేళ్ళ నుంచి వింటున్నారు?"

"నలభై."

"అయితే అవి వినబడటం కాదు, గుర్తుండటం. చెవి అందించని మాటను మీ మనసే వేసుకుంటోంది. కొత్త పాటైతే వేసుకోవడానికి దాని దగ్గర ఏమీ ఉండదు కదా." ఆ అమ్మాయి పెన్ను మూత పెట్టి అడిగింది. "చప్పుడున్న చోట పని చేశారా ఎప్పుడైనా?"

టైలరమ్మ నవ్వింది. పంతొమ్మిదో ఏట నేతమిల్లులో చేరి, అది మూతపడేదాకా ఇరవై ఏడేళ్ళు మరమగ్గాల మధ్య నిలబడింది. రెండు వందల మగ్గాలు ఒక్క కప్పు కింద. లోపల ఎంత అరిచినా పక్కమనిషికి వినబడదు. అందుకని అక్కడ అందరూ పెదవులు చూసి మాట్లాడుకునేవాళ్ళు. టైలరమ్మకు ఎదురు వరసలో నిలబడే ఇంకో ఆవిడ ఆమెకు జోడీ. ఒకరి పోగు తెగితే మరొకరు చూసుకునే ఏర్పాటు. పేరు పెట్టి పిలిచినా వినబడని చోట పేరుతో పనేముంది? ఇద్దరూ ఒకరికొకరు జోడీ అయిపోయారు.

ఆ జోడీ పాటలు పాడేది. గొంతు విప్పి పాడేదో లేదో ఎవరికీ తెలియదు, పెదవులు మాత్రం కదిలేవి. టైలరమ్మ వాటిని చూసి పట్టుకుని తన పెదవులతో అందుకునేది. మధ్యలో మగ్గాలు ధడధడమంటుంటే, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఇద్దరూ కలిసి పాడుకునేవాళ్ళు. ఆ నాలుగు పాటలూ ఆమె అలా నేర్చినవే. తర్వాత రేడియోలో వచ్చినప్పుడు, 'ఇదా రాగం!' అని ఆశ్చర్యపోయింది.

ఇదంతా విని చెవుల అమ్మాయి కాగితం మీద 'మగ్గాలు' అని రాసుకుని కింద గీత గీసింది.

నెల తర్వాత చెవుల వెనక రెండు చిన్న మిషన్లు వచ్చాయి. లోకం ఒక్కసారిగా మీదపడింది. కత్తెర కరకరలాడింది. కాగితం సంచి పటపటలాడింది. తన చెప్పులే తన వెనక ఎవరో వస్తున్నట్టు చప్పుడు చేశాయి. మర్నాడు పొద్దున గడ్డం గీసుకుంటున్న మొగుడి దగ్గరికి టైలరమ్మ కంగారుగా పరిగెత్తింది.

"ఏమైందండీ? ఎందుకు మూలుగుతున్నారు?"

"మూలగడమేంటి? పాడుకుంటున్నాను."

"రోజూ ఇలాగే పాడతారా?"

"ఎనిమిదేళ్ళుగా."

"పక్కింటివాళ్ళు ఎవరూ ఏమీ అనలేదా?"

ఆయన అద్దంలోంచి ఆమెను చూసి నవ్వాడు. ఆ నవ్వు చప్పుడు కూడా ఆమెకు కొత్తగానే ఉంది.

ఆ రోజు దుకాణానికి రాగానే, "తమ్ముడూ, మనది పెట్టు" అంది. నాలుగింటిలోనూ ఆమెకు ప్రాణమైనది పెట్టాడు. మొదటి చరణం కూడా పూర్తికాలేదు. పాడే ఆవిడ గొంతు రేకు డబ్బాలో చెంచా తిప్పుతున్నట్టు గీసుకుంది. 'స' వచ్చిన ప్రతిచోటా ఆవిరిగొట్టం ఈల వేసినట్టుంది. మధ్యలో ఏవేవో వాయిద్యాలు తోసుకుంటూ వచ్చాయి. తనకు తెలిసిన పాట కాదది. ఎవరో దాన్ని ఎత్తుకెళ్ళి, దాని గౌను తొడిగి మరొకత్తెను నిలబెట్టినట్టుంది.

"ఆపు" అంది. చెవి మిషన్లు తీసి దారాల డబ్బాలో పడేసింది. ఆ సాయంత్రం దాకా కుట్టిన ప్రతి కుట్టూ విప్పి మళ్ళీ కుట్టింది.

వారం తర్వాత చెవుల అమ్మాయి దగ్గరికి వాటిని తిరిగి ఇచ్చేద్దామని వెళ్ళింది.

"ఇవి నాకొద్దమ్మాయ్. నాకున్నవే నాలుగు పాటలు. వాటిని కూడా పోగొట్టాయి."

"పోలేదమ్మా. మీ మనసులో ఉన్న పాటా, ఇప్పుడు చెవి తెస్తున్న పాటా కొట్లాడుకుంటున్నాయి. కొన్నాళ్ళు ఆ నాలుగింటి జోలికి వెళ్ళకండి. మీరెప్పుడూ విననివి వినండి. వాటితో పోల్చుకోవడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. చెవికి అలవాటు కావాలి, అంతే. మూడు నెలలు."

"విననివి అంటే ఈ కాలం గోలా?"

"గోలైనా సరే."

టైలరమ్మ మర్నాడు ఇస్త్రీ అతని బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. అడగడం ఆమెకు అలవాటు లేదు. కోటు మీద లేని నలక దులిపింది. "నువ్వు వినేవేవో పెట్టు, చూద్దాం" అంది చివరికి.

అతను చాలాసేపు వెతికాడు. ఏదో పెద్ద పరీక్షకు ప్రశ్న ఎంచుతున్నట్టుంది అతని వాలకం. ఆఖరికి ఒకటి పెట్టాడు. మాటలు లేవు. ఒకే ఒక్క వాయిద్యం, లోతుగా, మనిషి గొంతు సవరించుకుని మాట్లాడబోతున్నట్టు.

"ఏంటిది?"

"పెద్ద ఫిడేలక్కా. కూర్చుని, నేలకు ఆనించి వాయిస్తారు. ఇదివరకు నేను హోటల్లో బట్టలు ఇస్త్రీ చేసేవాణ్ణి కదా, గోడకు అవతల హాల్లో ఒకావిడ రోజూ మధ్యాహ్నం సాధన చేసేది. ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ తప్పు వాయించి మళ్ళీ మొదలుపెట్టినప్పుడల్లా నేను కూడా చొక్కా మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి."

పదకొండేళ్ళలో అతను ఆమెతో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. లేక ఇదివరకూ మాట్లాడాడేమో, తనకే అందలేదేమో. ఆ ఆలోచన వచ్చి టైలరమ్మ మిషను దగ్గరికి వెళ్ళకుండా అక్కడే స్టూలు లాక్కుని కూర్చుంది.

అప్పటినుంచి రోజుకొకటి. పదకొండింటికి టీ వస్తుంది, టీతో పాటు ఒక కొత్తది. ఆమె అన్నీ మెచ్చుకుందని కాదు. ఒకదాన్ని "వంటింట్లో పిల్లులు దెబ్బలాడుకున్నట్టుంది" అంది. ఇంకొకటి బాగుంది కానీ వాడికి ముగించడం చేతకాలేదంది. డప్పులు మోగేవి టీకి ముందు పెట్టొద్దంది. పెద్ద ఫిడేలు మాత్రం ఎప్పుడు పెట్టినా కాదనలేదు.

ఒకరోజు తెలియని భాషలో ఒక ముసలాయన పాడిన పాట పెట్టాడు. పక్కన తీగవాయిద్యం ఒకటి, అంతే. ఆ గొంతులో ఏముందో గానీ, వింటూ వింటూ టైలరమ్మ కళ్ళు తుడుచుకుంది.

"పెళ్ళాం పోయిందనుకుంటా తమ్ముడూ. ఇంటికి వచ్చి ఖాళీ మంచం చూసుకుంటున్నాడు. మాటలు అర్థం కాకపోతేనేం, తెలియడం లేదూ!"

ఇస్త్రీ అతను కూడా ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాడు. అర్థం ఏమిటా అని ఫోనులో వెతికాడు. చదివాడు. మళ్ళీ చదివాడు.

"అక్కా, సంతలో గాడిదను అమ్మేసి ఇంటికి నడుస్తున్నాడట."

"గాడిదా?"

"గాడిదే."

టైలరమ్మ టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. "అయితే ఏం? ఏళ్ళ తరబడి పక్కన నడిచిన గాడిద. ఒక్కడే తిరిగొస్తుంటే ఏడుపు రాదా మనిషికి? మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టాడు. ఈసారి గాడిద కోసమే ఏడ్చింది.

మూడు నెలలు దాటి ఇంకో పది రోజులయ్యాక, ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో బొత్తాలు కుడుతూ, మొగుణ్ణి ఫోనులో తన పాట పెట్టమంది. భయంగానే అడిగింది. పాడే ఆవిడ గొంతు ఈసారి గీసుకోలేదు. మునుపటి గొంతు కాదు, కానీ మనిషి గొంతే. పల్లవి అంతా సాఫీగా సాగింది. రెండో చరణంలో ఒక చోట టైలరమ్మ సూది ఆగిపోయింది.

"మళ్ళీ పెట్టండి ఆ ముక్క."

పెట్టాడు.

"'చీకట్లో నీ బాట పట్టుకుని నడిచి వస్తా' అంటోంది."

"అవును, అదే కదా పాట."

"కాదు. 'నీ పాట పట్టుకుని నడిచి వస్తా'. చీకట్లో దారి కనబడదు. అతను పాడుతుంటే ఆ పాట వినబడిన వైపుకు నడిచి వస్తుంది. నలభై ఏళ్ళుగా అలాగే పాడుతున్నాను!"

"నువ్వు తప్పు పాడుతున్నావని నలభై ఏళ్ళుగా నాకు తెలుసు. బాగుంది కదా అని ఊరుకున్నాను."

ఆమె మూడుసార్లు వింది. అనుమానం లేదు, బాటే. ఎక్కడ జరిగింది పొరపాటు? పెదవులతో మెల్లగా అని చూసుకుంది. పాట. బాట. అద్దం ముందుకు వెళ్ళి మళ్ళీ అంది. రెండూ అచ్చంగా ఒక్కలాగే ఉన్నాయి. పెదవులు మూసుకుని తెరుచుకోవడమే, అంతకంటే తేడా ఏమీ లేదు.

అంటే జోడీ సరిగ్గానే పాడింది. తనే తప్పు పట్టుకుంది. రేడియోలో విన్నాక కూడా దిద్దుకోలేదు. మనసు ముందే ఒకటి అనేసుకుంటే చెవి దాని వెనకే పోతుంది కాబోలు. ఈ సంగతి జోడీకి చెప్పకుండా ఉండలేకపోయింది. మిల్లు మూతపడ్డాక ఏడాదికి ఒకటి రెండుసార్లు కలిసేవాళ్ళు, తర్వాత అదీ తగ్గింది. టెలిఫోను చేస్తే వినబడక ఇద్దరూ "ఏంటీ? ఏంటీ?" అనుకుని పెట్టేసేవాళ్ళు. తర్వాతి ఆదివారం రెండు బస్సులు మారి వెళ్ళింది.

జోడీ తన మేనకోడలి ఇంట్లో, మేడమీది గదిలో ఉంటోంది. చిక్కిపోయింది. టీవీ ఎదురుగా కూర్చుని ఉంది, టీవీ ఇల్లెగిరిపోయేంత మోగుతోంది. భుజం మీద చెయ్యి వేసేదాకా టైలరమ్మ వచ్చినట్టు తెలియలేదు. తిరిగి చూసి, ముందు గబుక్కున లేచింది, తర్వాత వాటేసుకుంది.

"ఎన్నాళ్ళకే జోడీ! చెవుల మీద అవేంటి, నగలా?"

టైలరమ్మ టీవీ ఆపేసి ఎదురుగా కుర్చీ వేసుకుంది. ఇద్దరికీ గొంతుతో పనిలేదు. పెదవులతోనే మాట్లాడుకున్నారు. మేనకోడలు తలుపు దగ్గర నిలబడి చూసి, వీళ్ళు మౌనవ్రతంలో ఉన్నారనుకుని వెళ్ళిపోయింది.

"ఆ పాట గుర్తుందా? రెండో చరణం పాడు."

జోడీ కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది. ఒక్క అక్షరం తడబడలేదు. ఆ ముక్క దగ్గరికి రాగానే టైలరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్కడ ఏమంటున్నావ్? గొంతు విప్పి చెప్పు. పాటా, బాటా?"

జోడీ ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత పైకి, గట్టిగా అంది.

"నీ మాట! 'చీకట్లో నీ మాట పట్టుకుని నడిచి వస్తా.' వస్తానని అతను మాటిచ్చాడు కదే. ఆ మాట పట్టుకుని బయల్దేరుతుంది. అంతకంటే ఇంకేముంటుంది అక్కడ?"

టైలరమ్మకు నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళొచ్చాయి. విషయం చెప్పాక జోడీ కూడా నవ్వింది. కానీ ఒప్పుకోలేదు. పాడినవాళ్ళదే తప్పంది. ఇరవై ఏడేళ్ళు ఎదురెదురుగా నిలబడి ఒకే పాట పాడుకున్నామనుకున్నారు. ఒకామె పాట పట్టుకుని నడిచింది, ఒకామె మాట పట్టుకుని నడిచింది. ఇద్దరి అడుగూ ఒక్కసారైనా తప్పలేదు.

"ఈమధ్య ఏం వింటున్నావే?" అని అడిగింది జోడీ.

టైలరమ్మ గాడిద పాట గురించి చెప్పింది. ఇస్త్రీ అతను ఆమె ఫోనులో ముందే ఎక్కించి ఇచ్చిన ఆ పాట పెట్టింది. జోడీ ఫోను చెవికి ఆనించుకుంది, ఇంకో చెవికి మార్చుకుంది, చివరికి తిరిగి ఇచ్చేసింది.

"ఏదో మూలుగుతున్నాడు, తెలుస్తోంది. నాకివన్నీ ఎక్కవే. మన పాటలు మనకు చాలు."

తను పదకొండేళ్ళు అన్న మాటే అది. టైలరమ్మ వాదించలేదు. "గురువారం ఖాళీయేనా?" అని మాత్రం అడిగింది.

గురువారం యజమానురాలి దగ్గర సెలవు తీసుకుని, జోడీని వెంటబెట్టుకుని చెవుల అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. జోడీ దారి పొడుగునా తనకేమీ లేదని సణుగుతూనే ఉంది. అద్దాల గదిలో కూర్చోబెట్టారు. బీప్‌ల పరీక్ష ముగిసింది. తర్వాత అద్దానికి ఇవతల నుంచి చెవుల అమ్మాయి మైకులో ఒక్కొక్క మాట చెప్తుంటే, లోపల జోడీ తిరిగి చెప్పాలి.

"చెట్టు" అంది ఆ అమ్మాయి.

"చెట్టు" అంది జోడీ.

"సంచి."

"సంచి."

"తీగ."

"తీగ."

చెవుల అమ్మాయి ఆశ్చర్యంగా కాగితం చూసుకుంది. బీప్‌లు చూస్తే సగం కూడా వినబడలేదు, మాటలు చూస్తే ఒక్కటి తప్పడం లేదు. పక్కన బెంచీ మీద కూర్చున్న టైలరమ్మ చూసి చూసి ఇక ఊరుకోలేకపోయింది.

"అమ్మాయ్, అది నీ మాట వింటోందనుకుంటున్నావా? నీ నోరు చదువుతోంది. కాగితం అడ్డం పెట్టుకో."

చెవుల అమ్మాయి కాగితం ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుంది. అద్దం వెనక జోడీ మొహం మాడిపోయింది. టైలరమ్మ వైపు తిరిగి, చప్పుడు లేకుండా, పెదవులతో పెద్ద తిట్టు తిట్టింది. టైలరమ్మ అంతకంటే పెద్దది తిరిగి తిట్టి, ముందుకు చూడమని వేలు చూపించింది.